షవర్‌కు కట్టిన సంచి

బాత్రూం తలుపు బయట కోడలు, లోపల స్టూలెక్కి మామగారు.

“మామయ్యా, పదింటికి ఇంటర్వ్యూ. ఆలస్యమైతే ఉద్యోగం పోయినట్టే. దిగండి!”

“ఒక్క నిమిషమమ్మా. షవర్ రంధ్రాలన్నీ ఉప్పునీళ్లకి గార పట్టి మూసుకుపోయాయి. అది కరగాలని రాత్రే వెనిగర్ పోసిన ప్లాస్టిక్ సంచి దానికి కట్టాను.”

“ఇవాళే దొరికిందా మీకు?”

“మరి అంత ముఖ్యమైన రోజున బొట్లు బొట్లుగా స్నానం చేస్తావా? ఇదిగో, సంచి విప్పేశా. పాత బ్రష్‌తో రుద్దితే తెల్లపెచ్చులన్నీ ఊడొచ్చాయి.”

“నీళ్లొస్తున్నాయో లేదో చూడండి ముందు!”

“తిప్పుతున్నా... అయ్యయ్యో!”

“ఏమైంది? పడ్డారా?”

“పడలేదు. దాని కిందే నుంచున్నానన్న సంగతి మర్చిపోయా. వానలా దంచేస్తోందమ్మా!”

“నవ్వాగడం లేదు మామయ్యా!”

“నవ్వు, నవ్వు. ఆ మొహంతోనే వెళ్లు ఇంటర్వ్యూకి. నా స్నానం అయిపోయింది, ఇక నువ్వు రా.”