మోకాళ్ళ మీద అమ్మ

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఫ్లాట్‌లో, స్కూల్ బస్సు వచ్చేలోపే ప్రార్థన ముగించాలని తల్లి గబగబా మోకరించింది. ఆరేళ్ళ కూతురు మాత్రం తలుపుకి వీపు ఆనించి నిలబడిపోయింది.

"రామ్మా, మోకాళ్ళ మీద కూర్చో. ప్రార్థన చేసుకుందాం."

"నేనేం తప్పు చేశాను మమ్మీ?"

"తప్పేంటే? దేవుడి ముందు అందరం మోకరిస్తాం కదా."

"నిన్న హోంవర్క్ చెయ్యలేదని నన్ను ఇక్కడే మోకాళ్ళ మీద కూర్చోబెట్టావుగా."

"అది నీకు డిసిప్లిన్ రావాలని, బంగారం."

"మరి నువ్వేం తప్పు చేశావు?"

పాప జాలిపడి దగ్గరికొచ్చింది.

"సారీ చెప్పు మమ్మీ. చెప్తే లేవొచ్చు. నువ్వే అంటావుగా."

"సారీ, తల్లీ..."

"అయ్యో, ఏడవకు మమ్మీ! ఏడిస్తే ఇంకాసేపు కూర్చోవాలి."