మైనం పోయిన టార్పాలిన్

లాక్‌డౌన్‌లో సూరత్ మిల్లులు మూతపడ్డాక, ఇద్దరు అద్దకం పనివాళ్లు పక్కనున్న కిమ్ అనే ఊరి దగ్గర ఒక పాత మిలిటరీ లారీకి టార్పాలిన్ బిగిస్తున్నారు. సాయంత్రం ఆ లారీ తమవాళ్లతో జగిత్యాలకు బయలుదేరాలి.

“తమ్మీ, గిది గింత తెల్లగైందేంది?”

“సోడా నీళ్లల్ల నానబెట్టి రుద్దిన అన్నా. మరకొక్కటి లేదు సూడు.”

“అరే, గిది మిల్లుల చీర గాదుర! నీళ్లాపే మైనమంత పాయె. చెంబెడు నీళ్లు పోసి సూడు.”

“అయ్యో, కారుతుందే!”

“మబ్బు పట్టింది. మనూరి సంతోషి సంటిపిల్లతోని ఎక్కుతది.”

“లారీ శేఠ్‌ను ఇంకోటి అడుగుదామా?”

“అడిగితే రేపు పోదామంటడు. రేపు పోలీసులు పోనిస్తరో లేదో.”

“మరెట్ల?”

“ముందల రెండు మడతలెయ్. తల్లీపిల్ల ఆడ కూసుంటరు.”

“ఎనకకు సాలదు గదా. ఆడ ఎవలు కూసుంటరు?”

“ఉతికినోడు.”

“నువ్వో?”

“ఎట్లనో సెప్పకుండ ఉతకమన్నోణ్ని, నీ పక్కనే. తాడు గట్టిగ గుంజు.”