ముఖం తిప్పిన వీధి

ఇటు చూడవే బెల్లా. గోడకేసి చూస్తూ కూర్చుంటే నా మాట నీకెలా అందుతుంది? చెవి మిషను సొరుగులో పడేశావు, పెట్టుకోమంటే కీచుమంటోందంటావు. సరే, ఉండనీ. నా పెదాలు చూడు చాలు. మిల్లులో మగ్గాల మోతకి పక్కదాని అరుపు కూడా వినపడేది కాదు కదా, బతుకంతా పెదాలు చూసే మాట్లాడుకున్నాం. ఇవాళ కొత్తగా చెవులెందుకు మనకి?

ఊఁ, తిప్పేశావు. తిప్పుకో. నీ కుర్చీకి అటుపక్క కూడా చోటుంది, నేనే అటొస్తాను. మోకాళ్ళు అరిగాయి గానీ నడక పోలేదు నాకు.

లిఫ్టు చెడిపోయింది, తెలుసా? కింద ఎవడో పిల్లాడు మీటలన్నీ నొక్కి పోయాడట. ఈ మేడంతా మెట్లెక్కి వచ్చాను, సంచీలో మాంసం కూరిన బ్రైడీ రొట్టెలు పెట్టుకుని. మామూలువి రెండు, ఉల్లిపాయది కూడా ఒకటి. మాంసం ఇంకా వేడిగానే ఉంది. మూడోది ఎవరికని చూడకు, ఆకలి నాది. తిను ముందు. తిన్నాక తిట్టుకుందాం.

నిన్నటి సంగతి తేలకుండా నేనిక్కణ్ణించి కదలను. ఏ సంగతి అని కనుబొమలెత్తకు. నీకు తెలుసు.

నెలనెలా ఆ చర్చి హాల్లో మనం చేరేది దేనికే? చలి కాచుకోడానికా? ఈ ఊరు మరిచిపోయిన ఆడవాళ్ళ కథలు చెప్పుకోడానికి. డండీ అంటే ఆడవాళ్ళ ఊరని అందరూ అంటారు. ఆడది మిల్లుకి పోయి గోనె నేస్తే మగాడు ఇంట్లో కెటిల్ మరగబెట్టిన ఊరు. నడివీధిలో పెంగ్విన్లకి కూడా విగ్రహాలు పెట్టారు. మనతో పాటు మగ్గం నేసిన టీనీ రాట్రే పేరు మాత్రం ఒక్క గుమ్మం మీద లేదు. అందుకే ఓపిక చేసుకుని వేదిక ఎక్కుతున్నాను. కుర్రదాన్నా నేను, మైకు ముందు నిలబడి మురిసిపోడానికి?

నిన్న టీనీ వంతు. నువ్వున్నావుగా, చివరి వరసలో, క్రిస్సీ పక్కన, బిస్కెట్ల పళ్ళేనికి దగ్గరగా. మేస్త్రీ నీ జుట్టు పట్టుకుని లేపిన రోజు చెప్పాను. నీ పేరు చెప్పలేదు, 'ఒక పిల్ల' అన్నాను. అంతవరకు నాకు బుద్ధి ఉంది.

ఆ పిల్ల మగ్గం పక్కన కళ్ళు తిరిగి పడిపోయింది. నాటకాలాడుతున్నావా అంటూ వాడు జుట్టు పట్టుకుని ఈడ్చాడు. టీనీ తన మగ్గం ఆపేసింది. అరవలేదు, తిట్టలేదు. చెయ్యి పైకెత్తింది, అందరం చూశాక పెదాలతో 'బయటికి' అంది. ఆ మాట ఒక మగ్గం నుంచి ఇంకో మగ్గానికి పాకింది. ఒక్కొక్కటే ఆగిపోయాయి. అంత పెద్ద షెడ్డులో పైకప్పు కింద పావురాలుండేవని ఆ రోజే తెలిసింది మనకి, రెక్కల చప్పుడు విని. అది చెప్పినప్పుడు హాల్లో ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు.

ఎప్పుడు చెప్పినా అక్కడే ఆపుతాను. గేటు దాటారు, పాడుకుంటూ కొండ దిగారు, అయిపోయింది, చప్పట్లు. తర్వాత సంగతి ఎవరిక్కావాలి? సమ్మె మొదలైన కొన్నాళ్ళకి టీనీ మేనేజరు గదిలోంచి బయటికొచ్చి, రేపటి నుంచి పనిలోకి పొండి అందని, తను మాత్రం మళ్ళీ ఏ మిల్లు గడపా తొక్కలేదని, డబ్బు పుచ్చుకుని మనల్ని అమ్మేసిందని వీధంతా అనుకుందని, ఇవన్నీ టీ తాగుతూ వినే మాటలా?

ఆమెని ఏం చేశాం మనం? తిట్టామా? రాళ్ళేశామా? అదైనా నయం. ఆమె పెదాలు కదపబోతే ముఖం తిప్పుకున్నాం. చూస్తేనే మాట మనకి. చూడకపోతే ఆ మనిషి లేనట్టే. రొట్టెల కొట్లో తిప్పాం, బట్టలుతుక్కునే చోట తిప్పాం, బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంచి మరీ తిప్పాం. నేనూ తిప్పాను, కాదనను. ఆమె శవపేటిక వెనక నడవడానికి కూడా వీధిలోంచి ఒక్కరు రాలేదు.

ఏం, కొరికిన ముక్క నోట్లోనే ఉంచుకున్నావు? మింగు.

మోరాగ్ లేచింది చూశావు కదా నిన్న. ముందు వరసలో, బస్సు డ్రైవరు చొక్కాతో. టీనీ మనవరాలని నాకు అప్పటిదాకా తెలీదు, తెలిస్తే గొంతు ఇంకాస్త జాగ్రత్తగా వాడేదాన్ని. చప్పట్లయ్యాక అడిగింది, కోపం కూడా లేదు ఆ పిల్ల గొంతులో. "ఇనా ఆంటీ, అంత గొప్ప మనిషైతే మా అమ్మమ్మతో వీధిలో ఎవరూ ఎందుకు మాట్లాడేవాళ్ళు కాదు? అమ్మమ్మ డబ్బు తిన్నదనుకునే మా అమ్మ పోయింది. నేనూ అదే అనుకుంటున్నాను. కాదని మీలో ఎవరైనా చెప్తారేమోనని వచ్చాను."

అంత మంది ఆడాళ్ళం. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నేను మైకు సర్దుతున్నట్టు నటించాను. ఏం చెప్పను? నాకు తెలిసిందీ ఆ పిల్లకి తెలిసిందీ ఒకటే.

అప్పుడు నువ్వు క్రిస్సీ వైపు తిరిగి పెదాలు కదిపావు. గొంతు లేకుండా. 'నా కోసమే' అన్నావు. 'నా పని పోకుండా ఉండాలనే మిల్లు వదిలి వెళ్ళింది.'

క్రిస్సీ చూడలేదు, దాని కళ్ళు అల్లం బిస్కెట్ మీదున్నాయి. చుట్టూ ఉన్నవాళ్ళకి ఈ పెదాల చదువు రాదు. ఎవరికీ తెలీదనుకున్నావు. వేదిక మీద ఎవరున్నారే మరి? నీ ఎదురు మగ్గం దాన్ని నేను. నార దుమ్ములో, షెడ్డు ఆ మూల నుంచి ఈ మూలకి నీ పెదాలు చదివినదాన్ని. నాలుగు వరసల కుర్చీలు నాకొక అడ్డమా? నీ అలవాటే నిన్ను పట్టించింది.

ఏమంటున్నావు? నెమ్మదిగా. పళ్ళ సెట్టు సరిగ్గా పెట్టుకో ముందు, పెదాలు ఆనడం లేదు, సగం మాటలు లోపలికే పోతున్నాయి. ఆఁ. ఇప్పుడు చెప్పు.

అప్పుడు కడుపుతో ఉన్నావా?

అందుకా కళ్ళు తిరిగింది. జార్డీతో నీ పెళ్ళి ఆ తర్వాత కదా. ఉండు, ఉండు. ఎవరి బిడ్డ అని నేనడగను. చెప్పబోకు కూడా. అది నీది.

మేస్త్రీ కనిపెట్టాడు. పోయి మేనేజరు చెవిలో ఊదాడు. మేనేజరు టీనీని పిలిచాడు. ఆ పిల్ల కడుపు సంగతి వాళ్ళ నాన్నకి కబురు పంపుతాను, ఈ ఊళ్ళో ఏ మిల్లు గేటూ దానికి తెరుచుకోకుండా చేస్తాను. అలా కాకూడదంటే సమ్మె నువ్వే ఆపాలి, ఆపి నువ్వు మిల్లు పని వదిలిపోవాలి. ఇదేగా వాడన్నది? మీ నాన్న నాకూ తెలుసు. ఆ బెల్టు చప్పుడు పక్కింటికి వినపడేది.

టీనీ సరేనంది. నీకెలా తెలిసింది మరి? నీకెప్పుడు చెప్పింది?

గేటు దగ్గర. మేమంతా ఆమె మీద అరుస్తుంటే, మా తలల మీదుగా నిన్ను చూసి, వాడి బెదిరింపూ తను ఒప్పుకున్నదీ చెప్పింది. పెదాలతో. నీ పనికి ఢోకా లేదు, ఎవరికీ చెప్పకు. అంతేనా? నేను అక్కడే ఉన్నానే. అరవడంలో మునిగిపోయి ఆమె పెదాల వైపు చూడలేదు. చూసి ఉంటే అప్పుడే చదివేదాన్ని.

ఆ 'చెప్పకు' పట్టుకుని ఇంతకాలం కూర్చున్నావా? మర్నాడు రొట్టెల కొట్లో ఆమె నీకేసి చూస్తే నువ్వూ మాతో పాటు ముఖం తిప్పావు. ఆమెతో నువ్వొక్కదానివే మాట్లాడితే ఎందుకని మేం అడుగుతామని. అడిగేవాళ్ళమే, నిజమే. అందుకే తిప్పావు. అడిగి ఉంటే బాగుండేదేమో కూడా.

నాకు కోపం లేదనుకోకు. ఉంది. నీ పళ్ళ సెట్టు చూసి జాలేస్తోంది, అంతే తేడా.

నువ్వే చెప్పుకో అంటున్నావా? ఇనా, నీకు నోరుంది, వచ్చే నెల నువ్వే చెప్పు, నేను పోయాక ఇంకా మంచిది అని. నాకు రాదనుకున్నావా? పొద్దున ముఖం కడుక్కుంటూ అద్దంలో చెప్పి చూశాను. బాగానే వచ్చింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో అన్నీ కుదిరాయి. ఈసారి నిన్నటికంటే ఎక్కువ చప్పట్లు పడతాయి. చప్పట్ల సంగతి తట్టగానే నీళ్ళు ఆపేసి కూర్చుండిపోయాను. మోరాగ్ అడిగింది కథ కాదే. నా దగ్గర ఉన్నది కథే.

నీ కొడుకు శాండీకి తెలుస్తుందనా? వాడికి బట్టతలొచ్చిందే. తాత అయిపోయాడు. జార్డీ భుజాల మీద పెరిగినవాడు, ఇప్పుడు కొత్తగా ఎవరి కొడుకైపోతాడు? అయినా వాడి సంగతి చెప్పమని ఎవరన్నారు? నీ సంగతి చెప్పు. కడుపుతో ఉన్నాను, ఆమె నన్ను కాపాడింది, నేను ముఖం తిప్పాను. నోరు తిరగని మాటలా ఇవి?

అందరూ నీకు ముఖం తిప్పుతారనా? ఎవరున్నారే ఇంకా తిప్పడానికి? నేనూ, క్రిస్సీ. క్రిస్సీ మెడ పట్టేసి మొన్నటి నుంచి అటూ ఇటూ తిరగడమే లేదు.

నవ్వకు. నవ్వినా నిన్ను వదలను.

అదిగో, బల్ల మీద దీపం వెలిగింది. నీకు గంట వినపడదని శాండీ పెట్టించిన దీపం. తలుపు దగ్గర ఎవరో మీట నొక్కారు.

ఎవరో ఏమిటి. నీకొక మాట చెప్పకుండా దాచాను. ఆ మూడో బ్రైడీ నాకు కాదు. మోరాగ్‌ని నేనే రమ్మన్నాను, షిఫ్టు దిగి నేరుగా ఇక్కడికే. నిన్ననే చెప్పాను, హాలు మెట్ల మీద. నీ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదమ్మా, బెల్లా దగ్గర ఉందో లేదో వచ్చి చూడు అన్నాను. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. నీ చెయ్యి అలా ఊపకు, కప్పు పడుతుంది. మోసమే చేశాను. తిట్టుకో.

ఒక్కటి గుర్తుపెట్టుకో. ఆ పిల్లకి పెదాలు చదవడం రాదు. బడికి పోయే వయసుకే మిల్లులు మూతపడ్డాయి, ఎవరు నేర్పుతారు? గొంతుతో చెప్పాలి నువ్వు. బొంగురుగా రానీ, మరీ గట్టిగా రానీ, పక్కింటివాళ్ళు గోడ కొట్టనీ. నీ గొంతు ఎలా ఉంటుందో నేనే మరిచిపోయాను.

నేను వంటగదిలో ఉంటాను, కెటిల్ పెడతాను. నా నోట్లోంచి ఒక్క మాట రాదు. వానెప్పుడు తగ్గుతుందో మాట్లాడి, బ్రైడీ తినిపించి పంపించేసినా నేను అడ్డం రాను. అప్పుడు వచ్చే నెల మళ్ళీ గేటు దాటించి, కొండ దింపి, అక్కడే ఆపేస్తాను. ఇన్నాళ్ళూ ఆపలేదా ఏమిటి.

దీపం మళ్ళీ వెలిగింది. పాపం, అన్ని మెట్లెక్కి వచ్చింది. తలుపు తీయడానికి పోతున్నాను బెల్లా. కుర్చీ ఇటు తిప్పి పోనా, గోడకేసే ఉంచనా?