అంజిబాబు పెట్టిన అతుకు

కూర్చో విక్రమూ. ముందు అన్నం పెట్టుకో. ఆ రాగి చుట్ట సంగతి తిన్నాక చెబుతాలే. ఏం, ఇప్పుడే చెప్పాలా? సరే విను. అది మీ నాన్న చుట్టిందే. బాల్కనీలో హేంగర్లు తగిలించుకోడానికి బాగుందని అలా ఉంచేశాం గానీ, అది బట్టలారేసుకోడానికి చేసింది కాదు. పాత విండో ఏసీలోంచి తీసిన పైపు. వంచేటప్పుడు నొక్కుకుపోకుండా లోపల సన్న ఉప్పు దట్టించి, డబ్బా చుట్టూ తిప్పాడు. ఒక్కచోట నొక్కు పడిందేమో చూడు. పడదు. అంజిబాబు చేసిన పనిలో నొక్కులుండవు. అందుకే చెబుతున్నా. మధ్యాహ్నం నువ్వన్న మాట విన్న దగ్గర్నించీ నాకు ముద్ద దిగట్లేదు. రేపు వెల్డింగు టెస్టుకి వెళ్లను, హెల్పరుగానే చేరతాను, మన చేతుల్లో అతుకు నిలవదని నాన్న చెప్పాడు అన్నావు చూడు, అదీ.

కరోనా సంవత్సరం, ఇదే షార్జాలో. ఉగాది వెళ్లిన వారానికే పనులు ఖలాస్. ఈ గదిలో ఆరుగురం, ఆరు మంచాలు, ఊరికే బయటికెళ్తే పోలీసు. నేను అప్పుడూ ఈ గదికి పెద్దనే. నా పద్ధతి నీకు తెలుసుగా. నాలుగింటికి లేవాలి, స్నానం చెయ్యందే పొయ్యి వెలిగించకూడదు, చుక్క ముట్టినవాడికి ఇక్కడ మంచం లేదు. ఒకణ్ణి సామానుతో సహా మెట్ల మీదికి పంపాను కూడా. ఆ రోజుల్లోనే నాకు జ్వరమొచ్చింది. మిగతావాళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకుని వంటింట్లో పడుకున్నారు. మీ నాన్న ఒక్కడే నా మంచం పక్కన కూర్చుని తొమ్మిది రోజులు కషాయం తాగించాడు. నేను లేచి తిరిగేసరికి బాల్కనీలో గోనెపట్టా మీద బార్లీ మొలకలెత్తి ఉంది. నాకు జావ కాస్తున్నాడనుకున్నాను. పిచ్చివాణ్ణి. "జావ కాదన్నయ్యా, బీరు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

వాడు తాగుబోతు కాదు, అది నువ్వు మనసులో పెట్టుకో. హోటలు వంటిళ్లకి, పాల కంపెనీలకి స్టీలు పని చేసిన చెయ్యి. నెల రోజులు ఖాళీగా కూర్చుంటే ఆ చెయ్యి దురద పెట్టింది. మూతపడిన క్యాంటీన్ వాళ్లు పారేసిన పాలక్యాను తెచ్చాడు. వర్క్‌షాపు తాళం వాళ్ల ముదీర్, అదే మేనేజరు దగ్గరే ఉండేది, బతిమాలి తీయించుకుని, అడుగున కుళాయి పెట్టి ఆర్గాన్‌తో వెల్డింగు చేసి అతికాడు. మూతకి రబ్బరు వాషరు, నాలుగు బిగింపులు. మూతలోంచి ఒక ప్లాస్టిక్ పైపు, దాని కొస నీళ్ల సీసాలో. లోపల పులిసే గాలి దాంట్లోంచి పోవాలట. ఇక ఈ రాగి చుట్టేమో, కాచిన బార్లీ నీళ్లని గబగబా చల్లార్చడానికి. చుట్టని ఆ నీళ్లలో ముంచి, లోపల చన్నీళ్లు పారించాలట. షార్జాలో కుళాయి తిప్పితే చన్నీళ్లెక్కడివి? ఏసీ కింద బకెట్లు పెట్టి, కారిన నీళ్లు పట్టి, ఐసు వేసి పోశాడు. చేదుకి ఏదో పువ్వు కావాలట, అది దొరకలేదు. మీ పెద్దమ్మ ఉగాది పచ్చడికని పంపిన వేపపువ్వు మిగిలితే అది వేసేశాడు. దేవుడికని వచ్చిన పువ్వు! నేను కేకలేశాను. "ఎత్తి డ్రైనేజీలో పొయ్యరా" అన్నాను. "పదిహేను రోజులు ఓర్చుకో అన్నయ్యా. కుదిరిందో లేదో చూసి నేనే పారబోస్తా. నాకు పని కావాలి, అంతే" అన్నాడు. ఆ తొమ్మిది రోజుల కషాయం నా గొంతులో అడ్డుపడింది. ఊరుకున్నాను. తప్పు అక్కడే మొదలైంది. తప్పని తెలిసీ ఊరుకున్నవాడికి ఆ తర్వాత నీతులు చెప్పే హక్కుండదు, నేను మాత్రం చెబుతూనే ఉన్నాను.

రెండు రోజులు సీసాలో బుడుక్ బుడుక్ అంటూనే ఉంది. మీ నాన్న దాని పక్కన కూర్చుని, పసిపిల్ల పడుకుంటే చూసినట్టు చూసేవాడు. మూడోరోజు పొద్దున్న కంపెనీవాళ్లు ముక్కు టెస్టుకి రమ్మంటే వెళ్లాడు, క్యూలో నిలబడాలి. వాడటు వెళ్లగానే ఎదురు ఫ్లాటు వీరరాఘవరావు గారు తలుపు కొట్టారు. ఆఫీసు ఉద్యోగి, పిల్లలున్నవాడు. "భీమయ్య గారూ, ఏవిటండీ ఆ పులిసిన వాసన? వరండా అంతా కొడుతోంది." నేను, అబద్ధమాడేవాడి చేతి నీళ్లు తాగకూడదని మీకందరికీ చెప్పే నేను, "దోసెల పిండండీ" అన్నాను. "ఎంత పిండేశారండీ బాబూ" అని నవ్వుకుంటూ వెళ్లిపోయారు. ఈ ఊళ్లో చుక్క దొరికితే ఆరుగురం జైల్లో ఉంటాం. వాసన ఆ పైపులోంచేగా వస్తోంది. సీసాలోంచి లాగి, రెండుగా మడిచి, తీగతో బిగించి కట్టేశాను. సాయంత్రం వాడొచ్చేలోపు విప్పేద్దామని. వాసన తగ్గింది. హాయిగా అనిపించింది కూడా. భోంచేసి పడుకున్నాను.

మూడింటికి పేలింది. గోడ కూలిందనుకున్నాను. కుళాయి ఊడి అటు గోడలో దిగబడింది, నురగ సీలింగు దాకా కొట్టింది. దేవుడి దయ, ఎవరికీ తగల్లేదు. వాచ్‌మన్ వచ్చాడు, వరండా నిండా జనం, ఎవరో పోలీసులకి ఫోన్ చేశారు. ఆ గోలలో అందరూ గోడకేసి చూస్తుంటే నేనేం చేశానో తెలుసా? కట్టిన కొసని కత్తితో కోసి లుంగీలో దోపుకున్నాను.

మీ నాన్న పోలీసులతోపాటే మెట్లెక్కి వచ్చాడు, చేతిలో రొట్టెల పొట్లం. వాళ్లు అడగకముందే "మేరా హై సాబ్, ఇన్ లోగోంకో కుఛ్ నహీ మాలూమ్" అని అంతా తన మీదే వేసేసుకున్నాడు. తర్వాత క్యాను దగ్గర వంగి, ఆ చిరిగిన చోట వేలుపెట్టి తడిమాడు. "అతుకు విడిచిందన్నయ్యా" అన్నాడు. అంతే. బేడీలు వేస్తున్నా దానికేసే చూస్తున్నాడు.

వాణ్ణి ఇండియాకి పంపించేశాక, మన ఊరి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట. "కరెంటు తక్కువ పెట్టానంటావా అన్నయ్యా? స్టీలు సరిగ్గా తుడవలేదంటావా?" నేను "పోనీలేరా" అనేవాణ్ణి. ఎన్నిసార్లన్నానో. తణుకులో ట్యాంకుల కంపెనీవాళ్లు ఇంటికొచ్చి పిలిచినా వెల్డింగు టార్చి పట్టలేదని విన్నాను. చెయ్యి మీద నమ్మకం పోయిందన్నాట్ట. రొయ్యల చెరువు కాపలాకి కుదిరాడు. తడినేల, ఏరేటరు మోటారు కరెంటు వైరు... ఆ మిగతాది నాకంటే నీకే తెలుసు. శవం దగ్గర కూర్చున్నవాడివి నువ్వు.

ఆ ట్రంకు పెట్టె ఇలా లాగు. అడుగున, పంచె మడతలో. అదీ. అదే పైపు ముక్క. అతుకు విడవలేదు విక్రమూ. ఏ అతుకైనా ఎంతకని ఆపుతుంది? నేను ఊపిరాడకుండా కట్టాను. నీకిప్పుడు చెబుతున్నాను, వాడికి చెప్పాల్సింది.

తిట్టు పోనీ.

విప్పకు, గోళ్లు విరుగుతాయి. అది రాదు. అంత గట్టిగా కట్టాను.

... రేపు ఆరింటికి టెస్టుకెళ్లే బస్సు. పాస్‌పోర్టు కాపీ ఆ కవర్లో పెట్టాను. చారు చల్లారిపోయింది, ఉండు, వేడి చేస్తాను.