బీరప్ప చూపిన పిట్ట

ఏంది బిడ్డా, గా తుమ్మకంప దిక్కు గంత సేపటి సంది చూస్తున్నవ్? పిట్టనా? ఆఁ, గదే. మట్టి రంగుది, కండ్లకు అడ్డంగ నల్లపట్టీ, ఊకె తోక ఆడిస్తది. వచ్చిందన్నట్టు. కటికె పిట్ట అంటం మేం. పుస్తకంల ఏం పేరున్నదో నువ్వే చూస్కో. నాకు దాని సంగతి చెప్పింది బీరప్ప. ఎవలా? గొర్లు కాసేటాయన. నైజాం పోయి పదేండ్లు కావచ్చె అప్పుడు. యాడాదికోపారి సజ్జ కోసినంక మంద తోల్కొచ్చి మన చేన్ల ఆపుతుండె, ఎరువు కోసం. మనుషులతోని మాట తక్కువ. గొర్లతోనైతే మస్తు. 'జరుగవే నా తల్లీ, నీ పెండ్లికి పోతున్నమా' అనుకుంట.

నేను పానగల్లుకెల్లి గీ ఊరికి కాపురమొచ్చి రెండేండ్లు. ఒకనాడు పొద్దుగాల ఇంటెనుక కంపకు మిడత గుచ్చి ఉన్నది. తెల్లారి తొండపిల్ల. మల్లొకనాడు చిట్టెలుక, మెడకాడ ముల్లు దిగి.  మీ తాతకు చెప్పలె. ఎవలన్న చూస్తే ఏమనుకుంటరో అని ఒక్కొక్కటి తీసి పెంటకుప్పల పాతివెట్టిన. గదే నేను జేసిన తప్పు. చూసిండ్రు. అప్పుడే పక్కింటి భద్రమ్మ కొడుకు పాలు తాగుత లేడు, ఒళ్లు కాలుతాంది. ఇగ చెప్పేదేమున్నది? 'అండాలు బాణామతి చేస్తాంది' అని నా మీద ఊరంత ఒక్కటే మాట. భద్రమ్మ నా వాకిట్లకొచ్చి దోసిట్ల మన్ను ఎత్తిపోసింది. పెద్దమనిషి వెంకటయ్య చావడికాడ కూసుండి, 'రేపు పగటాల్లకు దీని పండ్లు ఊడగొట్టుండ్రి, పండ్లు లేకుంటె మంత్రం పలుకది' అన్నడు. మీ తాత కాళ్లు మొక్కిండు. ఎవలినలె.

గప్పుడు బీరప్ప లేసిండు. 'గది మనిషి పని గాదు పటేలా, పిట్ట పని' అన్నడు. అందరు నవ్విరి. 'గొర్లల్ల తిరిగి తిరిగి నీకు గొర్రె బుద్ధొచ్చిందిరా' అన్నడు వెంకటయ్య. 'వచ్చిందే అనుకో, ఒక్క పూట నాతోని కూసో' అన్నడీయన. తెల్లారంగనే వెంకటయ్యను, ఇంకిద్దరిని తోల్కొచ్చి మన కంప ముంగట కూసోవెట్టి, నెత్తి మీదికెల్లి గొంగడి కప్పిండు. మనిషి కనవడితే రాదు, గొంగడి అయితే దానికి గొర్రె లెక్కనే అని. గంత పెద్దమనిషి గొర్రె వాసనల ముక్కు మూసుకుని... ఇప్పుడు తల్సుకుంటె నవ్వొస్తది. అప్పుడైతే తలుపు సందుల నిలవడి ఇంటున్న. బీరప్ప మెల్లగ చెప్తాండు, 'వానలు వెనుకవట్టంగ వస్తది, ఎండలు ముదరంగ పోతది. ఏ దేశంకెల్లి వస్తదో నాకెరుకలేదు. కుడికాలి వేలు వంకర దీనికి. మూడేండ్ల సంది చూస్తున్న, గదే కంప, గదే కొమ్మ. మల్లో పిట్టను రానియ్యది. డేగకున్నంత బలం దీని కాళ్లకు లేదు, పట్టి చీరలేదు. గందుకే ముల్లుకు గుచ్చి ముక్కుతోని పీక్కతింటది. మిగిలింది రేపటికి ఉంచుకుంటది. గది ఆకలి తెలివి పటేలా, మంత్రం గాదు.' పొద్దెక్కింది. పిట్ట రాలె. చేన్ల మంద ఆకలికి ఒర్లుతాంది, ఆయన లేవలె. ఇంకింత పొద్దెక్కినంక వచ్చింది, నోట్లె పచ్చ మిడత. ముల్లుకు ఆనిచ్చి గుంజింది. జారింది. మల్ల గుంజింది. దిగింది. గొంగడి కింద వెంకటయ్య 'ఓరి దీని...' అన్నడు, పిట్ట ఎగిరిపాయె. లేసి దులుపుకుని, నా దిక్కు చూడకుంటనే పోయిండు. తప్పయిందని అనలె. నేను అడుగలె. గీ పండ్లు ముసల్తనానికి ఊడినయి బిడ్డా, మనుషులు ఊడగొట్టలె. గది చాలు.

బీరప్పను మల్లొక్కపారే చూసిన. గా ఎండకాలంలనే నల్లమల అంచుకు మేతకు పొయి, జరమొచ్చి పానం ఇడిసిండట. పిట్టను చూసిన నాలుగొద్దులకు అచ్చంపేట దవాఖాన మందుతోని భద్రమ్మ కొడుకుకు నయమైంది. ఒకనాడు భద్రమ్మ వచ్చింది.  పిలగాన్ని నా ఒళ్లె పండవెట్టి, బిందె తీస్కొని నీళ్లకు పొయింది. గప్పుడే బీరప్ప మంద తోలుకుంట ఊరిడిసి పోతాండు. కంపవతల నిలవడ్డడు. రెండు చేతులెత్తి మొక్కుదామనుకున్న. పిలగాని తల నా మోచేతి మీదున్నది, అప్పుడే నిద్రవట్టింది. కదలలె. ఆయన చూసిండు. ఉండనియ్ అన్నట్టు చెయ్యి ఊపి, గొర్లెంట పోయిండు.