అడగకుండా రాసిన పోస్టు

సభకు అధ్యక్షత వహిస్తున్న ఆనందరావు గారికి, సైదాబాద్ నుంచి, దబీర్‌పురా నుంచి ఇంత ఎండలో వచ్చిన పెద్దలకు, పదమూడేళ్లుగా నా బ్లాగు చదివిన మిత్రులకు నమస్కారం. ఎక్కువసేపు నిలబడే ఓపిక లేదు, మన్నించండి.

కరెంటు మీటర్లు చూసే ఉద్యోగంలో ఈ గల్లీలన్నీ తిరిగినవాణ్ణి కాబట్టి రాయడానికి నా దగ్గర చాలా ఉందనుకున్నాను గానీ, మొదటి ఏడాది నా బ్లాగు చదివింది నలుగురే, అందులో ఒకరు మా ఆవిడ, ఇంకొకణ్ణి నేనే. (నవ్వులు) బ్లాగు తెరిచి ఇచ్చిన మా వెస్లీ, అదిగో వెనక వరుసలో ఉన్నాడు, "డానియేలన్నా, హెడ్డింగు చూడంగనే మనిషి ఆగిపోవాలె" అన్నాడు. తప్పు వాడిది కాదు. ఆ మాటను నేను వాడుకున్న తీరుదే తప్పు.

మా వీధిలో స్వరూప, లాడ్ బజార్‌లోని ఒక దుకాణానికి ఇంట్లోనే కూర్చుని లక్క గాజులకు రాళ్లు అతికించి ఇచ్చేది. ఒకరోజు మీటరు చూడటానికి వెళ్లి, పది నిమిషాలు మాట్లాడి, ఇంటికొచ్చి 'ఆకలితో మెరిసే గాజులు' అని రాశాను. ఆమె కళ్లలో నీళ్లు పెట్టాను, పొయ్యి మీద ఖాళీ గిన్నె పెట్టాను, దుకాణం పేరూ రాశాను. రెండు రోజుల్లో తొమ్మిది వేల మంది చదివారు. మూడో రోజు, మా పేరు బద్నాం చేశావని దుకాణం వాళ్లు ఆమెకు పని ఆపేశారు.

స్వరూప మా గుమ్మం దాకా వచ్చింది, లోపలికి రాలేదు.

"నేను ఉపాసమున్ననని నీకెవలు చెప్పిన్రన్నా?"

గుమ్మం దగ్గరికి కుర్చీ జరిపాను, కూర్చోలేదు.

"నీ ముంగట ఎప్పుడు ఏడ్చిన? చాయ్ పోసిన గదా. గది రాయలే."

నిజమే, చాయ్ ఇచ్చింది. అది రాస్తే ఎవరు చదువుతారులే అని వదిలేశాను.

పోస్టు తీసేసి, దుకాణానికి వెళ్లి చేతులు జోడించాను. "పహ్లే పూఛ్నా థా భాయ్, ముందుగాలనే అడగాలె" అని యజమాని పంపేశాడు. ఆమెకు వేరే దుకాణంలో పని దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. అబద్ధం రాశానని ఒప్పుకుంటూ ఇంకో పోస్టు పెడితే నూట పది మంది చదివారు. వాళ్లలో చాలామంది ఇవాళ ఈ హాల్లో ఉన్నారు.

అప్పటి నుంచి ఎవరి గురించి రాసినా వాళ్లింటికి వెళ్లి చదివి వినిపించి, వాళ్లు వద్దన్నది కొట్టేశాకే పెట్టాను. పూలమ్మే ఆగమ్మ నా మూడు పేజీల్లో రెండున్నర కొట్టేయించింది. (నవ్వులు) మిగిలిన ఆ అర పేజీనే మీరు ఇప్పటికీ గుర్తుచేస్తుంటారు. చదివేవాళ్లు నిలబడేలా ఎలా రాయాలని కొత్తవాళ్లు అడుగుతారు, నాకు తెలిసింది ఇంతే. కానీ అలా రాయాలంటే మెట్లు ఎక్కాలి, ఎదురుగా కూర్చోవాలి, వినాలి. ఇప్పుడు నా మోకాళ్లు సహకరించడం లేదు, చెవులూ అంతే. ఇంట్లో కూర్చుని ఊహించి రాయడం చేతకాక కాదు, చేతనవుతుందనే భయం. అందుకే ఇవాళ్టితో బ్లాగు ఆపేస్తున్నాను.

స్వరూప తర్వాత మాతో మాట్లాడింది గానీ, తన గురించి మళ్లీ ఒక్క ముక్క రాయనివ్వలేదు. నిన్న ఈ సభకు పిలవడానికి వెళితే, చేతిలో గాజు మీంచి తలెత్తకుండా, "రాలేనన్నా, పెండ్లిల్ల సీజను, చేతినిండ పనున్నది" అన్నది. ఈ మాట రాయనా అని అడిగాను.

"రాయకు. చెప్పుకో" అన్నది.

చెప్పాను. శాలువా కప్పిన పెద్దలకు, ఇంతసేపు ఓపికగా విన్న మీకు కృతజ్ఞతలు. ఇక కూర్చుంటాను, సెలవు.