పెళ్ళికి ఏడుపు పాట

పెళ్ళి వారం ఉందనగా, విజయనగరంలోని ఆ ఇంట్లో తల్లి కూతురి తెల్ల జాకెట్టు కుడుతోంది. కూతురు ఫోనులో ఒక పాత అమెరికా పాట పెట్టి తల్లి మొహంకేసి చూస్తోంది. మిషను ఆగింది.

“ఎవులే, ఆ ఏడుస్తన్నది?”

“ఏడుపు కాదమ్మా, గిటారు. పెడల్ స్టీలంటారు. తీగల మీద స్టీలు కడ్డీ జారుస్తా, కాళ్ళతో పెడళ్ళు తొక్కుతారు.”

“నా మిషన్నాగా?”

“అలాగే. నలబై ఏళ్ళ కిందటి రికార్డు. అప్పుడెవులూ కొననేదు. నేను చర్చిలోకి నడిసొచ్చినప్పుడు ఇదే పెట్టాల.”

“పెళ్ళికి ఏడుపు పాటేటే? సంఘపోళ్ళు నవ్వుతారు.”

“ఒక్కపాలి పూర్తిగా ఇను.”

పాట అయ్యేదాకా తల్లి ఫోను దగ్గరికి వంగి వింది.

“పాడినోడు ఊపిరి తీసుకున్న కాడల్లా ఈ గిటారాయన అందుకుంటన్నాడు. పేరేటి?”

“వెర్నన్. రికార్డు అట్ట మీద పేరెయ్యనేదు, ఎనకాల సన్నచ్చరాల్లో ఉంది.”

“ఎక్కడా అతుకు తెలీనేదే.” తల్లి జాకెట్టు మళ్ళీ సూది కిందికి జరిపింది. “సంఘపోళ్ళకి నేను సెప్పుకుంటాను. ముందు పాట మళ్ళీ ఎట్టు. ఈ జాకెట్టు సెయ్యి కూడా అలాగే అతకాల.”